గిడ్డంగి ఖర్చును ఎవరు మోసినారు?



మన తెలుగులో గిడ్డంగి అనే మాట ఉన్నది. సరుకు పడియుండే చోటు అని దాని భావము. ఇంగ్లీషువారి గోడౌను అనే మాట మలయా భాష ద్వారా వారికి చేరినదనీ, దానికి మూలము మన గిడ్డంగి గాని తమిళుల కిడంగు గాని అయి ఉండవచ్చుననీ నిఘంటువులు వ్రాసిన పండితులు చెప్పినారు. ఓడలలో మనుషులతో పాటు మాటలు కూడా ప్రయాణము చేస్తవి. కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు మన పెద్దలకు ఈ ద్వీపములో కోరంగీలు అనే పేరు వచ్చినట్లే, మన మాట కూడా వేరొక పేరుతో ప్రపంచమంతా తిరిగినది.

మేము చిన్నతనములో సాయంకాలపు బైఠకాలో తెలుగు నేర్చుకున్నాము. గురువుగారు నల్లబల్ల మీద గాదె, గరిసె, పాతర, గిడ్డంగి అని వ్రాసి మా చేత చదివించేవారు. గాదెను మేము ఎన్నడూ చూడలేదు. ధాన్యపు పాతర ఎట్లుండునో మాకు తెలియదు. గిడ్డంగి అంటే మాత్రము తెలుసును. మా నాయన పోర్ట్ లూయీ రేవులో చక్కెర గోనెలు మోసే కూలి. రాత్రి ఇంటికి వచ్చినప్పుడు ఆయన మెడ మీద గోనెనార గీతలు ఎర్రగా కనిపించేవి. మా అవ్వ కొబ్బరినూనె కాచి రాసేది. గిడ్డంగి అంటే మాకు ఆ నూనె వాసన.

పెద్దయి ఉపాధ్యాయులమైన తరువాత, సరుకు నిలువచేయుటకు అయ్యే ఖర్చును మనుష్యులు ఎట్లు తగ్గించినారో తెలుసుకోవలెనని ఆసక్తి కలిగినది. ఆ చరిత్ర చదువగా చదువగా అది ఎక్కువగా అమెరికా దేశములో నడచినదని తెలిసినది. ధాన్యమును యంత్రముతో ఎత్తుట, రసీదు మీద సరుకు అమ్ముట, కాంక్రీటు గాదెలు, ఇనుప పెట్టెలు, ఇవన్నీ అక్కడ బలపడి లోకమంతా వ్యాపించినవి. చివరకు మన రేవుకు కూడా వచ్చినవి. ఈ వ్యాసములో ఆ కథ చెప్పెదము. చెప్పునప్పుడు ఒక్క ప్రశ్నను విడిచిపెట్టము: ఖర్చు తగ్గినప్పుడు మిగిలిన డబ్బు ఎవరి చేతికి పోయినది?

బఫెలో రేవులో ఆవిరి గాదె

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రములో బఫెలో అనే ఊరు ఉన్నది. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్నది. 1825లో ఈరీ కాలువ పూర్తి అయినది. ఆల్బనీ నుంచి బఫెలో దాకా 363 మైళ్ళ కాలువ అది. పడమటి మైదానములలో పండిన గోధుమలు పెద్ద ఓడలలో సరస్సుల మీదుగా బఫెలో చేరేవి. అక్కడ వాటిని దించి, కాలువ పడవలలోకి ఎక్కించి, న్యూయార్కు మహానగరమునకు పంపేవారు. కనుక ప్రతి గింజ బఫెలోలో ఒకసారి చేతులు మారవలసినదే.

ఆ మార్పు ఎట్లు జరిగేదో వినండి. ఓడ అడుగున గోధుమలు విడిగా పోసి ఉండేవి. కూలీలు లోపలికి దిగి వాటిని పీపాలలో నింపేవారు. పీపాను కప్పీతో పైకి లాగేవారు. పైనున్న కూలీలు దానిని వీపు మీద వేసుకొని గిడ్డంగిలోకి మోసుకొనిపోయి కుమ్మరించేవారు. వాన పడితే పని ఆగిపోయేది. గాలి గట్టిగా వీచినా ఆగేది. వెనుక ఓడలు వరుసగా నిలబడి ఉండేవి. నిలిచిన ప్రతి రోజుకూ ఓడ యజమానికి నష్టము, గోధుమలవానికి నష్టము.

ఆ ఊరి వర్తకుడు జోసెఫ్ డార్ట్ దీనికి ఉపాయము ఆలోచించినాడు. ఆలివర్ ఇవాన్స్ అనే ఆయన అంతకు పూర్వమే పిండిమరలలో ఒక సాధనము పెట్టినాడు. తోలుపట్టాకు చిన్న చిన్న బొక్కెనలు కట్టి, పట్టాను తిప్పితే, బొక్కెనలు క్రింద గింజలను ముంచి పైన కుమ్మరించును. మన ఊళ్ళలో బావి నుంచి నీరు తోడే ఏతము ఒక్కొక్క బానగా తోడితే, ఇది ఆగకుండా తోడును. దానికి ఇవాన్స్ 1790లో పేటెంటు కూడా పొందినాడు. డార్ట్ ఈ సాధనమును మర నుంచి రేవుకు తెచ్చినాడు. రాబర్ట్ డన్‌బార్ అనే ఇంజనీరు సహాయముతో 1842లో ఆవిరియంత్రముతో నడిచే గిడ్డంగి కట్టినాడు. బొక్కెనల పట్టాను ఓడ కడుపులోకి దించితే గంటకు వెయ్యి బుషెళ్ళ గోధుమలు పైకి వచ్చేవి. ఒక బుషెలు గోధుమలు 27 కిలోలు. అనగా గంటకు సుమారు 27 టన్నులు! గిడ్డంగిలో 55,000 బుషెళ్ళు పట్టేవి. 1843 వేసవిలో మొదటి ఓడ దిగినది.

డార్ట్ ఈ పని తలపెట్టినప్పుడు తోటి వర్తకుడొకడు, ఐర్లండు కూలీల వీపులకంటె చవకైన ఎత్తుయంత్రము లోకములో లేదని ఆయనను హెచ్చరించినాడట. ఈ సంగతి డార్ట్ తానే 1865లో బఫెలో చరిత్ర సంఘము ముందు చదివిన ప్రసంగములో చెప్పినాడు. ఆ వర్తకుని లెక్క తప్పినది. కొన్ని ఏండ్లకే బఫెలో రేవు పొడుగునా ఇటువంటి గిడ్డంగులు లేచినవి. ఆ ఊరు ప్రపంచములోని గొప్ప ధాన్యపు రేవులలో ఒకటైనది.

ఈ మాట దగ్గర మనము కొంచెము ఆగవలెను. ఇదంతా జరిగిన సంవత్సరములు చూడండి. 1835లో ఈ ద్వీపములో బానిసత్వము రద్దు అయినది. అంతకు ముందు ఏడే గిర్మిటు కూలీల ఓడలు రావటము మొదలైనది. చెరకు తోటల దొరలు కూడా ఆ వర్తకుని లెక్కే వేసినారు: మనిషి వీపు చవక. అక్కడ ఐర్లండు వీపు, ఇక్కడ గోదావరి, విశాఖ సీమల వీపు. బఫెలోలో ఆ లెక్కను ఒక యంత్రము తప్పు అని చూపించినది. మన రేవులో ఆ లెక్క మరి నూట ముప్పై ఏండ్లకు పైగా చెల్లినది.

గోనె విప్పితే ఏమి జరిగినది?

యంత్రము వచ్చిన తరువాత ఇంకొక చిక్కు వచ్చినది. బొక్కెనలు విడి గింజలను ఎత్తగలవు గాని గోనెలను ఎత్తలేవు. గోనెలో ఉన్నంతవరకు ఏ రైతు గోధుమలు ఆ రైతువే. గోనె మీద పేరు ఉండును. గోనె విప్పి అందరివీ ఒకే గాదెలో పోస్తే నావి ఏవి, నీవి ఏవి? విడివిడిగా ఉంచితే ఒక్కొక్కరికి ఒక్కొక్క గాదె కావలెను. ఒకనివి పది బుషెళ్ళే అయినా వెయ్యి బుషెళ్ళ గాదె వానికే అంకితము. సగము గిడ్డంగి గాలిని నిలువచేయును! గిడ్డంగి నడిపేవారికి ఈనాడు కూడా ఇదే మొదటి శత్రువు. ఖాళీ జాగాకు కూడా అద్దె ఇయ్యవలసినదే.

ఈ చిక్కును చికాగో నగరము విడదీసినది. అక్కడి వర్తకులు 1848లో చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే సంఘము పెట్టుకున్నారు. ఆ సంఘము 1856లో గోధుమలను మూడు తెగలుగా విభజించి ఒక్కొక్క దానికి ప్రమాణము ఏర్పరచినది. తరువాత తరగతులు, తనిఖీదారులు వచ్చినారు. ఒకే తరగతి గోధుమలు ఎవరివైనా ఒకే గాదెలో పోయవచ్చును. రైతుకు గాని వర్తకునికి గాని గిడ్డంగివాడు ఒక రసీదు ఇచ్చును: ఫలానా తరగతి గోధుమలు ఇన్ని బుషెళ్ళు మీకు బాకీ. రసీదు తెచ్చినవానికి అదే తరగతి గోధుమలు అన్నే బుషెళ్ళు కొలిచి ఇచ్చును. అవే గింజలు కానక్కరలేదు. బ్యాంకులో మనము వేసిన నోటే తిరిగి రావలెనని మనము అడుగుచున్నామా?

దీనితో గాదెలు నిండుగా నిండినవి. జాగా వృథా పోలేదు. గోనెల ఖర్చు పోయినది, కుట్టే కూలి పోయినది. ఇంకొక విశేషము, ఆ రసీదు తానే సరుకైనది. గోధుమలు కదలకుండా గాదెలోనే ఉండగా కాగితము పది చేతులు మారేది. బ్యాంకు వాళ్ళు ఆ కాగితము తాకట్టు పెట్టుకొని అప్పు ఇచ్చేవారు. బఫెలో యంత్రము వీపును తీసివేసినది, చికాగో కాగితము గోనెను తీసివేసినది.

గాదె క్రింది పందికొక్కులు

కాని గాదె ఉన్నచోట పందికొక్కు కూడా ఉండును. చికాగోలో 1874 నాటికి పదునాలుగు పెద్ద ధాన్యపు గిడ్డంగులు ఉండేవి. వాటిని తొమ్మిది వ్యాపార సంస్థలు తమ చేతిలో పెట్టుకున్నవి. వారందరూ కలిసి ఏటేటా ఒకే ధర నిర్ణయించి పత్రికలో ప్రకటించేవారు. రైతుకు వేరే దారి లేదు. రైలు వచ్చి ఆ గిడ్డంగి ముందే ఆగును. నిలువ ఖర్చు నిజముగా తగ్గినది, కాని తగ్గిన ఖర్చు రైతుకు చేరలేదు. మధ్యలో ఉన్నవాని పెట్టెలో చేరినది. అంతేకాక, మంచి తరగతి గోధుమలలో తక్కువ తరగతివి కలుపుట, తూకములో తగ్గించుట అనే ఫిర్యాదులు ఎడతెగక వచ్చేవి.

వారిలో మన్ అండ్ స్కాట్ అనే సంస్థ ఒకటి. ఐరా మన్ ఒకప్పుడు ఆ బోర్డుకు అధ్యక్షుడుగా ఉన్న పెద్దమనిషి. వారు రసీదులు ఇచ్చిన గోధుమలు గాదెలలో లేవు. తనిఖీదారులు వచ్చేసరికి గాదె పైభాగమున పలకలు పరచి, వాటి మీద పలుచగా గోధుమలు పోసి, నిండుగా ఉన్నట్లు చూపించినారు. ఆ గుట్టు 1872లో బయటపడినది. బోర్డు వారిని బహిష్కరించినది.

రైతులు ఊరకుండలేదు. వారి ఒత్తిడి వలన ఇల్లినాయ్ రాష్ట్రము 1870లో వ్రాసుకున్న రాజ్యాంగములో గిడ్డంగుల కొరకు ఒక ప్రత్యేక అధికరణము చేర్చినది. ప్రపంచములో ఎన్ని రాజ్యాంగములలో గాదెకు ఇంత గౌరవము దక్కినదో! 1871లో చట్టము వచ్చినది. గిడ్డంగికి లైసెన్సు ఉండవలెను. మొదటి ముప్పై రోజులకు బుషెలుకు రెండు సెంట్లు, ఆ తరువాత ప్రతి పదిహేను రోజులకు అర సెంటు, అంతకు మించి తీసుకోరాదు. మన్ అండ్ స్కాట్ వారు ఈ చట్టమును లెక్కచేయలేదు. న్యాయస్థానము వంద డాలర్ల జరిమానా వేసినది. వారు సుప్రీంకోర్టు దాకా పోయినారు. మా సొంత ఆస్తి, మా ఇష్టమైన ధర, ప్రభుత్వమునకు ఏమి పని అని వాదించినారు.

1877లో తీర్పు వచ్చినది. ప్రధాన న్యాయమూర్తి మోరిసన్ వెయిట్ దానిని వ్రాసినారు. ప్రజలందరి మేలు ఆధారపడియున్న పనికి తన ఆస్తిని వినియోగించేవాడు, ఆ మేలు కొరకు ప్రజలు పెట్టే కట్టుబాటుకు లోబడవలెనని ఆ తీర్పు సారాంశము. న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డ్ దీనిని గట్టిగా వ్యతిరేకించినారు. ఏమైనను తీర్పు నిలిచినది. ఒక ధాన్యపు గాదె అద్దె దగ్గర మొదలైన తగాదా అమెరికా న్యాయశాస్త్రములో పెద్ద మైలురాయి అయినది.

తరువాత 1889లో దక్షిణాది రైతుల సంఘము పక్షాన చార్లెస్ మెక్యూన్ ఒక పథకము చెప్పినాడు. కోతల కాలములో అందరూ ఒక్కసారే అమ్మితే ధర పడిపోవును. కనుక ప్రభుత్వమే గిడ్డంగులు కట్టి, పంటను దాచి, దాని విలువలో 80 శాతము తక్కువ వడ్డీకి రైతుకు అప్పు ఇయ్యవలెనని ఆ పథకము. అది అప్పుడు చట్టము కాలేదు. కాని ఆ కోరిక చావలేదు. 1916లో గిడ్డంగులకు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు, పూచీకత్తు ఏర్పాటు చేసే చట్టము వచ్చినది. మన పెద్దల దేశమైన భారతదేశములో కూడా 1956లో నిలువ సంస్థల చట్టము, 2007లో చేతులు మార్చదగిన గిడ్డంగి రసీదుల చట్టము వచ్చినవి. గుంటూరు మిరపకాయల రైతు గాని, గోదావరి వరి రైతు గాని ధర వచ్చేదాకా ఆగగలిగితే అది గాదె బలమే.

1899: గోడలు ఒకవైపు, మనుషులు ఒకవైపు

ఆ రోజులలో గిడ్డంగులు కొయ్యతో కట్టేవారు. లోపల ధాన్యపు ధూళి, ప్రక్కన ఆవిరియంత్రము. ఒక్క నిప్పురవ్వ చాలును. తరచుగా కాలిపోయేవి. అందుచేత భీమా ఖర్చు చాలా ఎక్కువ. నిలువ ఖర్చు అంటే అద్దె, కూలి మాత్రమే కావు. పాడగుట, కాలిపోవుట, భీమా, ఎలుక, పురుగు అన్నీ అందులోనివే.

మినియాపోలిస్ నగరపు గోధుమల వర్తకుడు ఫ్రాంక్ పీవీ, కట్టడపు మేస్త్రి చార్లెస్ హాగ్లిన్ కలిసి 1899లో గుండ్రటి కాంక్రీటు గాదె ఒకటి ప్రయోగముగా కట్టినారు. గోధుమలు తీయునప్పుడు అది పగిలిపోవునని జనము నవ్వినారు. పీవీగారి పిచ్చి అని దానికి పేరు కూడా పెట్టినారు. నిండుగా పోసి, కొన్ని నెలలు ఉంచి, 1900లో ఖాళీ చేసినారు. అది చెక్కుచెదరలేదు. 125 అడుగుల ఎత్తున అది ఇప్పటికీ నిలిచి ఉన్నది. తరువాత దేశమంతటా కాంక్రీటు గాదెలు లేచినవి.

కాంక్రీటు కాలదు గాని ధూళి ప్రేలగలదు. 1977 డిసెంబరులో లూసియానా రాష్ట్రములో వెస్ట్‌వీగో వద్ద ఒక ధాన్యాగారము ప్రేలి 36 మంది చనిపోయినారు. ధూళిని ఊడ్చివేయుట, నిప్పు రాకుండా చూచుట యజమాని విధి అని 1987 చివర కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. పదేండ్లు పట్టినది. చీపురుకట్ట ఖర్చు మిగిల్చుకొనుట కూడా ఒక విధమైన పొదుపే. దాని బాకీ తీర్చినవారు ఆ ముప్పై ఆరుగురు.

మరల 1899కి పోదము. ఆ ఏడే బఫెలో రేవులో ఒక పెద్ద సమ్మె జరిగినది. డార్ట్ యంత్రము వచ్చినా మనిషి పూర్తిగా పోలేదు. బొక్కెనలు ఓడ మధ్యభాగమును మాత్రమే తోడును. మూలలలో మిగిలిన గోధుమలను పారలతో యంత్రము వైపునకు త్రోసేవారు కావలెను. వారిలో ఎక్కువమంది ఐర్లండు సంతతివారు. వారిని పనిలో పెట్టేది గిడ్డంగివాడు కాదు, మధ్యవర్తి గుత్తేదారు. విలియం కానర్స్ అనే అతడు ఆ గుత్త సంపాదించినాడు. పని కావలెనంటే సారాదుకాణములో కనిపించవలెను. జీతము అక్కడే ఇచ్చెదరు. తాగిన లెక్క తీసివేసి మిగిలినది చేతిలో పెట్టెదరు.

ఇది చదివినప్పుడు మాకు తెలియని ఊరి కథ అనిపించలేదు. తోట సిర్దారు, తోట దుకాణము, ఒకరోజు పనికి రాకుంటే రెండురోజుల కూలి కోసే డబుల్ కట్, ఇవి మన తాతల నోట విన్నవే. ఊరు వేరు, పంట వేరు, పద్ధతి ఒకటే. గిడ్డంగి యజమానికి ఖర్చు తగ్గినది, ఎందుకనగా గుత్తేదారు కూలివాని గ్లాసులో నుంచి ఆ ఖర్చును పిండినాడు.

1899 వసంతములో ఆ కూలీలు పని ఆపినారు. బఫెలో బిషప్పు జేమ్స్ క్విగ్లీ వారి పక్షమున నిలిచినారు. కొన్ని వారముల పోరు తరువాత సారాదుకాణములో జీతమిచ్చే పద్ధతి పోయినది. ఒకే ఏడు ఒక ఊరిలో గోడ గట్టిపడినది, ఇంకొక ఊరిలో మనిషి గట్టిపడినాడు. పుస్తకములలో మొదటిది ఎక్కువగా కనిపించును. మన పిల్లలకు రెండూ చెప్పవలెను.

ఇనుప పెట్టె

విడి గింజల కథ అట్లుండగా, కట్టలు, పెట్టెలు, పీపాలుగా వచ్చే సరుకు మాత్రము చాలా కాలము మనిషి భుజము మీదనే నడచినది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 అల్యూమినియం పెట్టెలు ఎక్కించి న్యూఆర్క్ నుంచి హ్యూస్టనుకు పంపినాడు. పాత పద్ధతిలో సరుకు ఎక్కించుటకు టన్నుకు 5.83 డాలర్లు అయ్యేది. పెట్టెలతో పదహారు సెంట్ల లోపు అయినది. రేవులోని గిడ్డంగికి కూడా పని తగ్గినది, ఎందుకనగా ఆ పెట్టె తానే ఒక చిన్న గిడ్డంగి. వానకు తడవదు, దొంగ చేయి దూరదు.

ఈ లెక్క చూచి రేవు కూలీలు భయపడినారు. భయపడుట న్యాయమే. అప్పుడు పసిఫిక్ తీరపు రేవు కార్మికుల నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్. ఆయన కూడా వలస వచ్చినవాడే, ఆస్ట్రేలియాలో పుట్టినాడు. యంత్రమును ఆపుట సాధ్యము కాదు, కాని దాని లాభములో మా వాటా ఏది అని ఆయన అడిగినాడు. 1960లో ఒప్పందము కుదిరినది. యజమానులు అయిదున్నర సంవత్సరములలో 2 కోట్ల 90 లక్షల డాలర్లు ఒక నిధికి ఇచ్చెదరు. నమోదైన కార్మికులను తీసివేయరు. ముందుగా విరమించుకొనే ముసలివారికి ఆ నిధి నుంచి సొమ్ము. బదులుగా యంత్రములకు కార్మికులు అడ్డు చెప్పరు.

ఇది గొప్ప ఒప్పందమే. కాని లోపము లేనిది కాదు. రెండవ తరగతిగా నమోదైనవారికి ఆ నిధిలో భాగము లేదు. ఎక్కడ చూచినా క్రింది మెట్టు వాడు చివరన మిగిలిపోవును. ఏమైనను ఖర్చు తగ్గించే లెక్కలోకి కూలివాని బ్రతుకు కూడా ఒక పద్దుగా అక్కడ ఎక్కినది. అది చిన్న సంగతి కాదు.

మన రేవు

విడిసరుకు పద్ధతి చక్కెరకు కూడా వచ్చినది. దక్షిణాఫ్రికాలో డర్బను చక్కెర టెర్మినల్ 1965లో మొదలైనది. మన పోర్ట్ లూయీలో 1980లో మొదలైనది. ఒక్కొక్కటి 1,75,000 టన్నులు పట్టే రెండు పెద్ద షెడ్లు. ఫ్యాక్టరీ నుంచి చక్కెర లారీలో విడిగా వచ్చేది, పట్టా మీద షెడ్డులోకి పోయేది, పట్టా మీదనే ఓడలోకి పోయేది. గోనె అక్కరలేకపోయినది. బఫెలోలో డార్ట్ తిప్పిన పట్టా 138 ఏండ్లకు మన రేవు చేరినది.

అప్పుడు మాకు పదకొండేండ్లు. మా నాయన ఆ ఏడు పనిలో నుంచి తీసివేయబడినవారిలో ఒకరు. కొంత పరిహారము ఇచ్చినారు. ఆ డబ్బుతో ఇంటికి రేకుల బదులు కాంక్రీటు కప్పు వేయించినారు. తరువాత చాలాకాలము ఆయన ప్రొద్దున నాలుగు గంటలకే లేచి, టీ త్రాగి, గుమ్మములో ఊరకే కూర్చొనేవారు. అవ్వ ఏమీ అనేది కాదు. కొబ్బరినూనె కాచే గిన్నె అటక ఎక్కినది.

ఒకరోజు మేము ఆయనను అడిగినాము, నాయనా, గోనె మోయుట పోయినందుకు సంతోషమా, దుఃఖమా అని. ఆయన కొంతసేపు ఆలోచించి, గోనె పోయినందుకు సంతోషమేరా, నన్ను అడగకుండా పోయింది, అదే బాధ అన్నారు. మేము ఎన్నో పుస్తకములు చదివినాము గాని ఈ విషయములో ఇంతకంటె స్పష్టమైన మాట మాకు దొరకలేదు.

ఈనాటి గిడ్డంగి

ఇప్పటి గిడ్డంగులలో పొదుపు నేర్పు ఇంకా సూక్ష్మమైనది. 1951లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఫోర్డ్ డిక్కీ సరుకును ముఖ్యత్వము బట్టి మూడు తరగతులు చేసి, విలువైన కొద్ది వస్తువుల మీద ఎక్కువ దృష్టి పెట్టవలెనని వ్రాసినాడు. ఎక్కువగా కదిలే వస్తువును తలుపు దగ్గర పెట్టవలెను; ముందు వచ్చినది ముందు పోవలెను; నేలతో పాటు ఎత్తును కూడా వాడుకోవలెను. మన అవ్వలకు ఇది కొత్త కాదు. ఉప్పు, పసుపు చేతికందే చోట, పండుగ గిన్నెలు అటక మీద, పాత బియ్యము ముందు, కొత్త బియ్యము వెనుక. 1974లో ఒహాయో రాష్ట్రము ట్రాయ్ పట్టణములో ఒక దుకాణములో నల్లగీతల గుర్తును మొదటిసారి యంత్రము చదివినది. అప్పటి నుంచి ఏ సరుకు ఎంత ఉన్నదో క్షణములో తెలియుచున్నది. లెక్క తెలిస్తే అనవసరపు నిలువ తగ్గును. అనవసరపు నిలువ తగ్గితే అద్దె, వడ్డీ రెండూ తగ్గును. 2012లో అమెజాన్ సంస్థ గిడ్డంగి రోబోలు చేసే కీవా సంస్థను 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. అక్కడ మనిషి అరమార దగ్గరకు పోడు, అరమారే మనిషి దగ్గరకు నడిచి వచ్చును.

ఐతే పాత ప్రశ్న మరల వచ్చినది. యంత్రపు వేగమునకు మనిషి చేయి సరిపోవలెనని గంటకు ఇన్ని వస్తువులు అని లెక్క పెట్టినారు. భోజనమునకు, మూత్రశాలకు పోవుటకు కూడా వ్యవధి లేదని కూలీలు మొరపెట్టినారు. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసినది: ఆ లెక్క ఎంతో కార్మికునికి ముందే వ్రాతపూర్వకముగా చెప్పవలెను, విశ్రాంతికి, మూత్రశాలకు అడ్డువచ్చే లెక్క చెల్లదు. 1871 నాటి అర సెంటు చట్టమునకూ దీనికీ నూట యాభై ఏండ్ల దూరము. రెండింటి వెనుక ఉన్న బుద్ధి ఒకటే.

ఈ రోజులలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల నుంచి ఎందరో తెలుగు యువకులు, యువతులు అమెరికాకు పోయి కంప్యూటరు పనులు చేయుచున్నారు. ఏ వస్తువు ఏ అరలో ఉండవలెను, మనిషి ఎన్ని అడుగులు వేయవలెను అని నిర్ణయించే లెక్కలు వ్రాయువారు కూడా వారిలో ఉన్నారు. మన ద్వీపపు పిల్లలు కూడా ఈ చదువులు చదువుచున్నారు. మన తాత వీపు మీద గోనె మోసినాడు, మనుమడు ఆ గోనెను లెక్కించే యంత్రమును నడుపును. ఇది సంతోషింపదగిన మార్పు. ఐతే ఆ పిల్లలకు మేము తరగతిలో ఒక మాట చెప్పుచుంటాము. నిలువ ఖర్చు తగ్గించే కాగితము మీద అద్దె, భీమా, కరెంటు, కూలి అని పద్దులు ఉండును. కూలి అన్న పద్దు వచ్చినప్పుడు ఒక్క నిమిషము కలము ఆపండి. ఆ పద్దుకు మెడ ఉన్నది, ఇల్లు ఉన్నది, నూనె కాచే అవ్వ ఉన్నది. తగ్గించవలసినది బరువును, మనిషిని అడిగి తగ్గించండి.

ఆప్రవాసీ ఘాట్ మెట్లు 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినవి. సెలవు దినములలో మేము పిల్లలను అక్కడికి తీసుకొనిపోవుచుంటాము. ఇకమీదట రేవు గిడ్డంగుల వైపు కూడా నాలుగడుగులు నడిపించవలెనని అనుకుంటున్నాము. మన పెద్దలు ఎక్కిన మెట్లు ఎంత చరిత్రయో, వారు మోసిన బరువు కూడా అంతే చరిత్ర. మీ ఇండ్లలో రేవు పని చేసిన పెద్దలు ఉంటే వారి మాటలు ఇప్పుడే వ్రాసి పెట్టుకోండి. గాదెలో దాచిన గింజ విత్తనమునకు పనికివచ్చును. దాచనిది ఆ యేటితోనే పోవును.